సైకిల్ కారియర్ మెత్త

ఈ పొద్దున జైబున్ వచ్చింది. చెప్పులు కూడా విడవకుండా గడపలోనే నిలబడి, చేతిసంచిలోంచి ఒక పాత మెత్త తీసి నా ఒళ్ళోకి విసిరింది. "నీ అమానత్ నీకు ముట్టింది సత్తక్కా. ఇగ నన్ను దొంగ అనకు" అంది. పాత ఆటో అమ్మేసి కొత్తది తీసుకుందట. పాతది ఇచ్చేముందు సీటు వెనక చెయ్యి పెట్టి వెతికితే ఇది దొరికిందట. మెత్తను ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మగ్గం నూనె వాసన, పొయ్యి పొగ వాసన, జైబున్ పూసుకునే అత్తరు వాసన, అన్నీ దాంట్లోనే ఉన్నాయి. ఏడుపు వస్తుందేమో అనుకున్నాను, నవ్వు వచ్చింది. భివండిలో కాపురం ఉండే మా బిడ్డ నన్ను చూడడానికి వచ్చి ఉంది. నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు కాబట్టి దాని చేతికి కాగితాలిచ్చి కూర్చోబెట్టాను. నేను చెబుతుంటే అది రాస్తోంది. నడుమ నడుమ "అమ్మా, జర మెల్లగ" అంటోంది. మెల్లగా చెప్పే సంగతి కాదు ఇది.

ఈ మెత్త కుట్టినప్పుడు నేను కొత్తగా సూరత్ వచ్చిన కోడలిని. పుట్టింది సిరిసిల్ల పక్క పల్లెలో, మగ్గాల ఇంట్లో. మగ్గం మీద నూలు అయిపోవచ్చినప్పుడు పాత పోగుల కొసలకు కొత్త పోగుల కొసలను ఒక్కొక్కటిగా కలిపి మెలిపెట్టాలి. అచ్చు అతకడం అంటాం దాన్ని. ఒక్క పోగు తప్పితే బట్ట పొడుగునా గీత పడుతుంది. వేళ్ళు చెమటకు జారకుండా బూడిద అద్దుకోవాలి. మా బాపు పిడకల బూడిదను పాత పంచెలో జల్లించి, కొబ్బరిచిప్పలో పోసి, ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. అతుకుతున్నంతసేపు ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. దగ్గు వచ్చినా లేచి బయటికి పోయి దగ్గి వచ్చేవాడు. అవ్వ అన్నానికి పిలిస్తే నావైపు చూసేవాడు, నేను పోయి "ఇంకా కాలేదు" అని చెప్పి వచ్చేదాన్ని. అట్లా పక్కన కూర్చుని కూర్చుని ఆ పని నా వేళ్ళకు పట్టుబడింది. బాపు మెచ్చుకోవడమంటే, చిప్పను నా వైపు జరిపేవాడు. అంతే. ఆ రోజు నాకు పండుగ.

పెళ్ళయ్యాక మా ఆయన నర్సయ్య నన్ను సూరత్ తెచ్చాడు. నవాగామ్‌లో రేకుల గది. ఒక మూల పొయ్యి, ఒక మూల పరుపుచుట్ట, నడిమిట్ల అత్త. అత్త చీకటితోనే లేచి జొన్నరొట్టెలు కొట్టేది. ఆ చప్పుడుకే గల్లీ అంతా లేచేది. రొట్టెలయ్యాక చుట్ట ముట్టించి గడపలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళకు పేర్లు పెట్టేది. నర్సయ్యది కూడా అతికే పనే, కాకపోతే ఇక్కడ కరెంటు మగ్గాలు. నూలు చుట్టిన పెద్ద ఇనుప దిమ్మెను బీమ్ అంటారు. ఒక బీమ్ అయిపోయి కొత్తది ఎక్కిస్తే ఆ మగ్గం ఆగిపోతుంది, అతికేవాడు వచ్చేదాకా కదలదు. మగ్గం ఆగితే సేఠ్‌కు అన్నం సహించదు. కిరాణా కొట్టుకు ఫోన్ చేసి కబురు పెడతాడు. ఎవరు ముందు చేరితే బీమ్ వాళ్ళది. కబురు ఒకేసారి నలుగురికి పోతుంది మరి. అందుకే ఈ పనిలో చెయ్యి ఎంత ముఖ్యమో సైకిల్ అంత ముఖ్యం.

నేను అవతలి పక్క కూర్చుంటే పని సగం పొద్దుకే అయిపోతుందని నర్సయ్యకు తొందరలోనే తెలిసింది. నన్ను సైకిల్ వెనక ఎక్కించుకుని ఖటోదరా దాకా తొక్కేవాడు. అత్త గడపలోనుంచి వదిలేది కాదు. "పెండ్లాన్ని కారియర్‌కు కట్టుకొని కంపెనీలు తిప్పుతవారా? జర సిగ్గన్న లేదా?"

"సిగ్గంత నీకిచ్చి పోతున్ననే అవ్వా, సాయంత్రందాక దాచిపెట్టు" అనేవాడు నర్సయ్య, పెడల్ మీద కాలు వేస్తూ.

కారియర్ ఇనుప కమ్మీలు కూర్చోనిచ్చేవి కావు. మగ్గాల కింద పడే గుడ్డ అంచులు ఏరి తెచ్చి, తెగిన నూలు కూరి, ఈ మెత్త కుట్టాను. అది వేసుకుని కూర్చున్న రోజు నాకు లోకమే వేరుగా కనబడింది. మొదటిసారి సూరత్ చూసింది దాని మీద కూర్చునే. రంగు కార్ఖానాల పక్కనుంచి పోతే కాలువ ఒకనాడు ఎర్రగా, ఒకనాడు నీలంగా పారేది. గంజి వాసన, వేడి నూనె వాసన, ఫాఫ్డా వేగుతున్న వాసన ఒకదాని వెనక ఒకటి తగిలేవి. నేను ఒక చేత్తో బూడిద మూట, ఒక చేత్తో నర్సయ్య అంగీ పట్టుకుని మెడ తిప్పి తిప్పి చూసేదాన్ని. కానీ కంపెనీ మూల రాగానే దిగిపోవాలి. నర్సయ్య సైకిల్ మీద ముందు పోయేవాడు. నేను కొంగు కప్పుకుని, ఆయనకు నాకు సంబంధం లేనట్టు వెనక నడిచిపోయి, గోడ వారగా లోపలికి దూరేదాన్ని. ఎందుకు దిగేదాన్నో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అట్లానే చేయాలనుకున్నాం.

ఒకసారి నర్సయ్యకు జ్వరం వచ్చింది. కబురు వస్తే నేను పోతానన్నాను. కిరాణా కొట్టాయన ఫోన్‌లో అడిగి వచ్చి, "ఆమె ఎట్ల వస్తది అంటుండు సేఠ్" అన్నాడు. బీమ్ ఇంకొకరికి పోయింది. ఆ తర్వాత నా బతుకంతా అదే మాట విన్నాను. అత్త, ఆ వెనక నర్సయ్య పోయాక మరీ విన్నాను. పని తెలుసా అని ఎవరూ అడగరు. ఎట్ల వస్తావనే అడుగుతారు. నడిచి పోగలిగినంత దూరంలో ఉన్న మగ్గాలే నావి, తక్కినవి సైకిలో బండో ఉన్న మగవాళ్ళవి. షేర్ ఆటో ఉంది కదా అంటారు. మగవాళ్ళు కిక్కిరిసిన ఆటోలో డ్రైవర్ పక్కన వేలాడుతూ పోలేను. లోపల ఒక్క ఆడమనిషైనా కనబడే ఆటో వచ్చేదాకా రోడ్డు మీద నిలబడాలి. అది వచ్చేసరికి బీమ్ ఎవరో అందుకుని ఉంటారు. మా తెలుగు ఆడవాళ్ళకు గుజరాతీ సరిగా రాదు, బస్సు మీది రాత చదవలేం. జైబున్‌కైతే బురఖా. ఖాళీ ఆటోలు కూడా ఆమెను చూసి ఆగకుండా పోవడం నేను కళ్ళారా చూశాను. గల్లీలో సగంమంది ఆడవాళ్ళు ఇంట్లోనే కూర్చుని చీరలకు లేసులు కుట్టేది అందుకే, పనులు తెలియక కాదు.

జైబున్ గురించి చెప్పనేలేదు. మా పక్క గదే. కామారెడ్డి పక్కనుంచి వచ్చారు. ఆమె భర్త యూసుఫ్ ఆటో నడిపేవాడు. స్నానాల నీళ్ళకు ఆమె ఇంటి ముందు కట్టెల పొయ్యి పెట్టేది. నాకు గ్యాసు వచ్చాక బూడిద కరువైతే రోజూ ఆమె పొయ్యి బూడిదే జల్లించుకునేదాన్ని. "మా పొయ్యిల ఉన్నదంత నీ చేతి ఏళ్ళకే పోతున్నది" అని ఎక్కిరించేది.

కరోనా వచ్చి అన్నీ బంద్ పెట్టిన రోజుల్లో నన్ను భయపెట్టింది జబ్బు కాదు, నిశ్శబ్దం. పెళ్ళయి వచ్చిననాటినుంచి మగ్గాల చప్పుడు లేకుండా నేను నిద్రపోలేదు. అది ఆగిపోతే చెవులు హోరెత్తాయి. మగ్గాల మీది మగవాళ్ళు మూటలు కట్టుకుని ఊళ్ళకు పోయారు. యూసుఫ్ తల్లిని చూడడానికి ఊరు పోయి అక్కడే చిక్కుకున్నాడు. అతని ఆటో టార్పాలిన్ కప్పుకుని గల్లీలో నిలబడి ఉంది. మా బిడ్డ రోజూ ఫోన్ చేసి భివండి వచ్చెయ్యమనేది. అల్లుడు మంచివాడే. కానీ అల్లుడి ఇంట్లో గిన్నె ఎక్కడుందో అడిగి తీసుకునే బతుకు నాకు వద్దు. ఈ నెలలో పని దొరకకపోతే గది ఖాళీ చేసి పోక తప్పదని మాత్రం తెలుసు. మెత్తలోంచి నూలు పీకి మూట కట్టుకునే తాళ్ళు పేనుకుందామా అని కూడా చూశాను. మనసు రాలేదు.

కొన్నాళ్ళకు కంపెనీలు మెల్లగా తెరుచుకోవచ్చన్నారు. ఆటోలు, బస్సులు ఇంకా లేవు. ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం నర్సయ్య ఫోన్ మోగింది. ఆయన పోయినా ఆ నంబరు నేను వదల్లేదు.

"నర్సుభాయ్?" అంది ఒక గొంతు. కడోదరాలో షెడ్డు ఉన్న సేఠ్.

నర్సయ్య లేడు, నేను ఆయన భార్యను అన్నాను. అతికే మనుషులందరూ ఊళ్ళకు పోయారని, మగ్గాలన్నీ బీమ్‌ల కోసం ఆగి ఉన్నాయని చెప్పాడు. నేను అతుకుతానన్నాను. నర్సయ్య అతికిన బీమ్‌లలో సగం నా చేతివే అన్నాను. ఆయన ఆ మాట పట్టించుకోలేదు. "తుమ్ ఆవోగీ కైసే, బెన్?" అన్నాడు. అదే ప్రశ్న, ఎట్లా వస్తావక్కా అని. ఆ క్షణంలో నాకెంత కోపం వచ్చిందంటే, "సుబహ్ ఆ జావూంగీ" అనేశాను, పొద్దున వచ్చేస్తానని. పొద్దున షిఫ్టు మొదలయ్యేలోపు రాకపోతే ఖటోదరాలో బైకు ఉన్న మనిషిని పిలుస్తానని, వస్తే మాత్రం షెడ్డు పని మొత్తం నాకే ఇస్తానని చెప్పి పెట్టేశాడు.

ఫోన్ పట్టుకుని అట్లానే బయటికి వచ్చాను. జైబున్ పొయ్యి ఊదుతోంది. నేను ఆటో వైపు చూశాను. ఆమె నా వైపు చూసింది.

"ఆ చూపు చూడకు అక్కా" అంది.

"నువ్వు నడుపుతవ్ గదనే. నేను చూసిన."

"గల్లీల కడగనీకి ముందుకు తీస్త, ఎనకకు పెడ్త. అదొక నడుపుడా? నాకు ఒక్క గేరే ఎరుక."

"ఒక్కటి చాలు. కడోదరా ఎంతదూరం, సీదా రోడ్డే గదా."

"మావోడు ఏమంటడో."

"అడుగు మరి."

పొయ్యిలో కట్టె సర్దుతూ చాలాసేపు ఆలోచించింది. "అడిగితే వద్దంటడు" అంది చివరికి. "అడగకపోతే ఏమనడు."

తెల్లారుతుండగా టార్పాలిన్ తీశాం. జైబున్ పొట్టి మనిషి. గల్లీలో అయితే సీటు అంచున ఆనుకుని నడిపేది, అంతదూరం అట్లా కుదరదు. వెనక్కి కూర్చుంటే బ్రేకుకు కాలు అందడం లేదు. నేను లోపలికి పరుగెత్తి మెత్త తెచ్చి ఆమె వీపు వెనక దూర్చాను. కాలు అందింది. "బిస్మిల్లా" అని ఆటో కదిలించింది. గల్లీ తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఎవరో ముసలాయన "ఏ, ఎటు వోతుండ్రే" అన్నాడు. "పనికి" అని అరిచాను. ఆ మాట అంత గట్టిగా అరిచింది నా జన్మలో అదే మొదలు.

పెద్ద రోడ్డెక్కాక ఆటో ఒకటే ఏడుపు. ఎంత తిప్పినా ఎద్దుబండి నడకే, మోత మాత్రం ఆకాశమంత. అది అట్లానే పోతుందేమో అనుకున్నాం ఇద్దరమూ. పక్కనుంచి ఒక లారీ మెల్లగా వచ్చి, డ్రైవర్ తల బయటపెట్టి, "అరే బెన్, సెకండ్ డాలో, సెకండ్!" అని అరిచాడు. జైబున్ ఎడమచేతి పిడిని భయం భయంగా మెలితిప్పింది. టక్ మంది. ఆటో ఊపిరి పీల్చుకుని ముందుకు దూకింది. జైబున్ నోట్లోంచి వచ్చింది నవ్వో ఏడుపో తెలియదు. "అక్కా, ఇంకో గేరు కూడ ఉన్నట్టున్నదే" అంది. ఉంది. అది కూడా వేసింది. ముఖానికి కట్టుకున్న గుడ్డలు ఎగిరిపోతున్నాయి. ఖాళీ రోడ్డు, చల్లగాలి. కారియర్ మీద కూర్చున్న కొత్త కోడలు మళ్ళీ నాలో మెడ తిప్పి తిప్పి చూడడం మొదలుపెట్టింది.

చౌరస్తాలో పోలీసులు ఆపారు. పనికి పోనిమ్మని సేఠ్ ఫోన్‌లో పంపిన కాగితం చూపించాలని తడుముకుంటుంటే, ఒక జమాదారు నా ఒళ్ళోని తెల్లగుడ్డ మూట చూశాడు. ఏముందని సైగ చేశాడు. నేను ముడి విప్పాను. జల్లించిన బూడిద, మెత్తగా, తెల్లగా. అతను బూడిదను చూశాడు, నా బోసి నుదురు చూశాడు. ఆ రోజుల్లో ఎన్ని చావులో మీకు తెలుసు. లాఠీ చంకలో పెట్టుకుని, రెండు చేతులతో ఆ ముడి తనే మళ్ళీ వేసి, కళ్ళకు అద్దుకుని, "జావో బెన్" అన్నాడు. తక్కినవాళ్ళు అడ్డం ఉన్న కడ్డీ పక్కకు లాగారు. అతను ఏమనుకున్నాడో అర్థమై నోరు తెరిచేలోపు జైబున్ ఆటో కదిలించేసింది.

చౌరస్తా కనుమరుగయ్యేదాకా జైబున్ అద్దంలో వెనక్కి చూస్తూనే ఉంది. తర్వాత జైబున్ అంది, "మా పొయ్యి బూడిదకు ఎవడూ మొక్కలే ఇప్పటిదాక."

కడోదరా షెడ్డు ముందు ఆటో మూల దగ్గరికి రాగానే, "ఆపు, దిగుతా" అన్నాను. అలవాటు. జైబున్ "ఎందుకు?" అంది. ఆమె ఆపలేదు. ఆటోను తిన్నగా గేటు దాకా తీసుకుపోయి, హారన్ కొట్టి మరీ నిలబెట్టింది. సేఠ్ బయటికి వచ్చి ముందు ఆటోను చూశాడు, తర్వాత బురఖాలో ఉన్న డ్రైవర్‌ను చూశాడు, ఆఖరికి నన్ను చూశాడు. అప్పుడే ఖటోదరా మనిషిని పిలవడానికి ఫోన్ చేతిలోకి తీసుకున్నాడట. మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. నేను లోపలికి పోయి మొదటి బీమ్ ముందు కూర్చుని, మూట విప్పి, వేళ్ళకు బూడిద అద్దుకున్నాను. పాలిస్టర్ దారం నూలులాగా మాట వినదు, జారుతుంది. కానీ నా వేళ్ళు ఒక్కటీ మరిచిపోలేదు. సాయంత్రానికి మగ్గం నడిపారు. ఆ చప్పుడు మొదలైనప్పుడు నా చెవుల హోరు ఆగిపోయింది.

తిరుగుదారిలో అదే జమాదారు. ఈసారి ఊరికే పోనివ్వలేదు. "తాపీ తో ఉస్ తరఫ్ హై" అన్నాడు. నిజమే, అస్థికలు కలిపే తాపీ నది అటు పక్క, మేము వస్తున్నది ఇటునుంచి. నా చేతులు చూపించాను. వేళ్ళ కొసలు మగ్గం నూనెకు నల్లగా ఉన్నాయి, గోళ్ళలో దారం పీచు ఉంది. అస్థికలు కావని, మగ్గం పని బూడిద అని, పొద్దున చెప్పేలోపే పంపించారని నాకొచ్చిన హిందీలో చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. ఆయన మూటను, నన్ను, జైబున్‌ను మార్చి మార్చి చూశాడు. "మరి ఎవరూ చావలేదా?" అని అడిగాడు. ఎవరూ చావలేదన్నాను. "అచ్ఛా హై" అన్నాడు. అంత సంతోషంగా ఆ మాట అన్న మనిషిని ఆ నెలల్లో నేను వేరే చూడలేదు. మరునాటినుంచి మమ్మల్ని చూస్తే "బూడిద బెన్ వచ్చింది" అని వాళ్ళే కడ్డీ జరిపేవారు.

రైళ్ళు నడిచాక యూసుఫ్ వచ్చాడు. వస్తూనే గల్లీలో నిలబడిపోయాడు. అతను ఎప్పుడూ ఆటోను ముక్కు గోడ వైపు పెట్టి ఆపేవాడు. ఇప్పుడది రోడ్డు వైపు చూస్తోంది. "దీన్ని ఎవరు మలిపిండ్రు?" అన్నాడు. జైబున్ చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. నేనే చెప్పాల్సి వచ్చింది. ఆ రాత్రి వాళ్ళింట్లో మాటలు గట్టిగానే వినిపించాయి. ఆటో లాక్కుంటే నా షెడ్డు పోయినట్టే. పొద్దున తలుపు తీయడానికి కూడా నాకు భయమేసింది. తీస్తే, యూసుఫ్ ఆటోలో వెనక సీటులో కూర్చుని ఉన్నాడు, ముఖం ముడుచుకుని. కడోదరా దాకా గేరు పట్టిన జైబున్ చేతినే చూస్తూ వచ్చాడు. గేటు దగ్గర దిగి, "థర్డ్‌ల జర తొందరగ ఏస్తున్నవ్" అన్నాడు జైబున్‌తో. అంతే. ఊళ్ళో జ్వరం వచ్చి తగ్గాక అతనికి ఊపిరి తక్కువైంది, పొద్దటి చలికి ఆగలేడు. పొద్దున, సాయంత్రం జైబున్ నడుపుతుంది, మధ్యాహ్నం అతను నడుపుతాడు. జైబున్ తర్వాత లైసెన్సు కూడా తీసుకుంది. ఫోటోలో నవ్వకూడదని చెప్పినా వినలేదు.

లేసులు కుట్టే మా గల్లీ ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆటోలో కూర్చున్నారు. కడోదరాలో మడత పనికి ఒకరు, బాబిన్ల పనికి ఒకరు. తెలుగులో తిట్టుకుంటూ, ఉర్దూలో నవ్వుకుంటూ పోతాం. ఇప్పుడు సేఠ్ ఫోన్ చేస్తే, ఎప్పుడు వస్తున్నావని అడుగుతాడు. మూల మీద దిగి గోడ వారగా నడిచిన ఆ పిల్లకు ఈ మాట వినిపించాలని ఉంటుంది నాకు. ఇద్దరూ ఉంటే నర్సయ్య అత్తతో ఏమనేవాడో కూడా అనుకుంటాను. దాచిపెట్టిన సిగ్గు ఇగ తిరిగి ఇయ్యకు అనేవాడేమో.

ఈ పొద్దున జైబున్ పోతుంటే అడిగాను, కొత్త ఆటోకు మెత్త అక్కర్లేదా అని. "దీనికి సీటే ముందుకు జరుగుతది అక్కా" అంది. నేను మెత్తను అటూ ఇటూ తిప్పాను. ఈ మెత్త ఎక్కడున్నా నేనెప్పుడూ వెనకే కూర్చున్నాను. నర్సయ్య తొక్కాడు, జైబున్ నడిపింది.

"రేపు పొద్దుగాల నన్ను ముందు కూసోనిస్తవా?" అన్నాను.

జైబున్ గడపలో ఆగింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నా మోకాళ్ళ వైపు, చేతుల వైపు చూసింది, పెళ్ళికి ముందు మా బాపు నర్సయ్యను అంచనా కట్టినట్టు.

"గల్లీ చివరిదాక ఫస్ట్ గేర్ చాలు" అంది.

మా బిడ్డ రాయడం ఆపి, "అమ్మా, నిజంగానా?" అంటోంది. రేపు పొద్దున పట్టుకుపోవడానికి మెత్తను చెప్పుల పక్కన, గడపలో పెట్టి వచ్చాను. రాయమంటున్నాను.